గొడ్డలికి నాలుగణాలు: మన్యం కట్టిన పన్నుల కథ

మా గూడెం కుర్రాడొకడు విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్నాడు. కిందటి దసరా సెలవులకు ఇంటికొచ్చి, సాయంత్రం బడి అరుగు మీద మాతోపాటు కూర్చున్నాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు ఆ రోజు నోరు మెదపలేదు. అడగ్గా అడగ్గా చెప్పాడు. భోజనాల దగ్గర తోటి విద్యార్థి ఒకడు నవ్వుతూనే అన్నాడట: "మా నాన్న కట్టే ట్యాక్సుతోనేరా నువ్వు తింటున్నది." చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారట. వీడూ నవ్వేశాడు. ఆ రాత్రి అన్నం సహించలేదన్నాడు. "సార్, అది నిజమేనా?" అని అడిగాడు.

అక్కడ మేం నలుగురు ఉపాధ్యాయులం ఉన్నాం. ఒకరు కోపగించుకున్నారు. ఒకరు "అలాంటివి పట్టించుకోకు నాయనా" అన్నారు. ఒకరు రాజ్యాంగం పేరెత్తారు. నాలుగో మనిషి ఏమీ అనలేదు. వాడు అడిగిందానికి ఎవరమూ జవాబు చెప్పలేదన్నది మాకు తర్వాత అర్థమైంది. వాడు ఓదార్పు అడగలేదు, లెక్క అడిగాడు. ఆ లెక్క మాకు రాదు. ఈ వ్యాసం దానికోసం రాస్తున్నాం.

ముందు ఎదుటివాడి మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకుందాం. కొండమీద పది గడపల గూడేనికి రోడ్డు వేయాలంటే, మైదానంలో వెయ్యి గడపల ఊరికి వేసినదానికంటే తలకు ఎక్కువ ఖర్చవుతుంది. పదిహేను మంది పిల్లలున్న బడికీ ఒక టీచరు జీతం ఇవ్వాల్సిందే. వాగు దాటించి కరెంటు స్తంభాలు మోయించడం, డోలీ మీద వచ్చే బాలింతకోసం ఆసుపత్రి నడపడం, బియ్యం బస్తా ఘాటు ఎక్కించడం, అన్నీ ఖరీదైన పనులే. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళలో ఎక్కువమంది పట్నాల్లో ఉంటారన్నదీ నిజమే. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, పట్నం కష్టపడి కట్టిన డబ్బుతో కొండ కూర్చుని తింటోందనిపిస్తుంది. ఇలా అనుకునేది మన దగ్గరి పట్నాలవాళ్ళు మాత్రమే కాదు, చాలా దేశాల్లో ఈ వాదన ఉంది. దీనికి ఎదురువాదనా ఉంది. 1977లో మైకేల్ లిప్టన్ అనే ఆర్థికవేత్త, పేద దేశాల్లో ధరలూ పెట్టుబడులూ పట్నాలవైపే మొగ్గుతాయనీ, పల్లె పేదరికానికి ఆ పక్షపాతం పెద్ద కారణమనీ ఒక పుస్తకమే రాశాడు. ఆ పుస్తకం పల్లెల గురించి. మనది కొండ. మన లెక్క మన చరిత్రలోంచే తీయాలి.

తీయడం మొదలుపెడితే మొదట తగిలేది కల్లుకుండ.

రంప దేశంలో, అంటే ఇప్పటి రంపచోడవరం చుట్టుపక్కల కొండల్లో, కంపెనీ ప్రభుత్వం నేరుగా పన్ను వసూలు చేసేది కాదు. మన్సబుదారు ఉండేవాడు. అతని కింద ముఠాదారులు, ముఠాదారుల కింద గూడేలు. 1848లో జరిగిన ఒప్పందం ప్రకారం ముఠాదారులందరూ కలిసి మన్సబుదారుకు ఏటా 8,750 రూపాయలు చెల్లించాలి. కాగితం మీద అంతే. కానీ కాగితం మీద లేనివి ఒక్కొక్కటే పెరిగాయి. కట్టెకు, మేతకు, చివరికి చెట్టు చిగురుకు. జీలుగు, తాటి చెట్ల కల్లు గీసుకుంటే కట్టాల్సిన పన్నుకు చిగురుపన్ను అని పేరు. ఎండాకాలంలో తిండిగింజలు అడుగంటినప్పుడు కొండమనిషిని నిలబెట్టేది ఆ కల్లే. పట్నంలో కల్లంటే తాగుడు, మనకది రెండు నెలల ఆహారం. ఈ తేడా తెలియకుండా రంప పోరాటాన్ని కల్లు గొడవగా రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆబ్కారీ చట్టం మారి, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా నేరమయ్యాక, వసూలు హక్కు గుత్తకు పోయింది. మన్సబుదారు పాత చిగురుపన్ను మీద మొదలుపన్ను అని ఇంకొకటి వేశాడు. అది పాత పన్నులో సగం, కొన్నిచోట్ల అంతకు పైనే. ఇది చాలదన్నట్టు మైదానంనుంచి వచ్చిన వర్తకులు చిన్న చిన్న అప్పులకు కోర్టుల్లో దావాలు వేసేవారు. కోర్టు ఎక్కడో దిగువన. సమన్లు ఏమిటో ఇక్కడ ఎవరికీ తెలియదు. మనిషి రాకుండానే తీర్పు వచ్చేది, వెనకే జప్తు బంట్రోతు వచ్చి పశువులను తోలుకుపోయేవాడు. పోలీసులు తినేది వేరే.

రంపకు ఎగువన, గోదావరి, శబరి కలిసేచోటికి దగ్గరలో రేకపల్లి ఉంది. ఆ ప్రాంతం 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. అక్కడ పోడుకు పన్ను గొడ్డలి లెక్కన ఉండేది, గొడ్డలికి నాలుగణాలు. ఎవరి చేతిలో గొడ్డలి ఉందో వాడు నాలుగణాలిచ్చి పోడు కొట్టుకోవచ్చు. మద్రాసు ప్రభుత్వం చేతికి రాగానే ఆ పన్ను మూడింతలైంది. కొన్ని అడవుల్లో అయితే పోడే కూడదన్నారు. రేకపల్లి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1879 మార్చిలో రంప లేచింది. మొదట దాడి జరిగింది పోలీసుల మీద. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల ఠాణాను తగలబెట్టాడు. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి కొండకొండకూ పోరాటం మోసుకెళ్ళారు. అది గూడేనికి, రేకపల్లికి పాకింది. మద్రాసు పదాతి దళాలు, సాపర్లు, హైదరాబాదు కంటింజెంటు సైన్యం దిగితే తప్ప అణగలేదు. దీన్ని అధికారులు పితూరీ అన్నారు. మన పాఠ్యపుస్తకాలు కూడా చాలాకాలం ఆ మాటే వాడాయి. పితూరీ అంటే దొరమీద చాడీ, తిరుగుబాటు. దొర ఎవరో మనం ఒప్పుకుంటేనే ఆ మాట వాడగలం.

రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివన్ వచ్చి విచారణ చేశాడు. మన్సబుదారు చేసిన అన్యాయాలు నిజమేనని తేలింది, అతన్ని తప్పించారు, ముఠాదారులకు నేరుగా సనదులిచ్చారు. అంటే పన్ను ఎక్కువైందన్నది మనం చెప్పుకునే కథ కాదు, వాళ్ళ విచారణలోనే తేలిన సంగతి. ఇక్కడ ఒక్కసారి ఆగి లెక్క చూడండి. కొండమీద వసూలైన చిగురుపన్నులో కొండకు తిరిగొచ్చిందేమిటి? బడి రాలేదు. ఆసుపత్రి రాలేదు. ఠాణా వచ్చింది, పటాలం వచ్చింది. వాటి జీతం, బత్తెం, తూటాలు ఖర్చు పద్దులో ఎక్కుతాయి. ఏజెన్సీమీద సర్కారు చేసిన వ్యయమంటే అప్పట్లో దాదాపు అదే. మనల్ని కొట్టినందుకైన ఖర్చు కూడా మన పేరు మీదే రాసిన లెక్క అది.

1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పన్ను రూపు మారింది. అడవి రిజర్వు అయ్యింది. నిన్నటిదాకా మనదైన వెదురు, టేకు, మేత, తేనె ఇప్పుడు సర్కారువి. గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి దించిన టేకు దుంగలు కలప డిపోల్లో ఆదాయమయ్యాయి. ఆ ఆదాయం అటవీ శాఖ రాబడి పద్దులో ఉంటుంది. కొండ ఇచ్చినట్టు ఎక్కడా ఉండదు.

తర్వాతది చెమట పన్ను. నర్సీపట్నంనుంచి లంబసింగి మీదుగా చింతపల్లివైపు ఘాటు రోడ్డు వేసినప్పుడు గూడెం కొండల మనుషుల్ని పనికి తోలారు. రోజుకు ఆరణాలు ఇవ్వాల్సిన చోట డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రెండణాలే ఇచ్చాడన్నది అల్లూరి సీతారామరాజు పోరాటానికి దగ్గరి కారణాల్లో ఒకటి. గాం మల్లుదొర, గంటందొర సోదరులు ఆ పోరాటంలోకి వచ్చిన నేపథ్యం ఇదే. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. ఆ మూడు రోజుల సంగతి మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఆరణాలు, రెండణాల సంగతి అంతగా తెలియదు. తరగతిలో మేమే చెప్పము. ఆ రెండిటి మధ్య తేడా నాలుగణాలు. రేకపల్లిలో గొడ్డలికి కట్టిన పన్నుకు సరిగ్గా సమానం! కాకతాళీయమే కానీ రాయకుండా ఉండలేకపోయాం. రోజుకు నాలుగణాల చొప్పున ఒక్కొక్క కూలీ ఆ రోడ్డుకు సొంత డబ్బు పెట్టాడన్నమాట. ఏ సర్కారు లెక్కలోనూ అది జమ కాలేదు. ఘాటు రోడ్డు మాత్రం ప్రభుత్వం గిరిజనులకోసం వేసిన రోడ్డుగా మిగిలింది. ఆ రోడ్డు మీద మొదట కిందికి దిగింది ఏమిటో, పైకి ఎక్కింది ఎవరో పెద్దవాళ్ళను అడగండి.

నైజాములో కూడా ఇదే వరస. ఆదిలాబాదు అడవుల్లో గోండులు, కొలాములు పశువులను మేపుకుంటే పన్ను, పోడు కొడితే కేసు, కేసు మాఫీకి లంచం. కుమ్రం భీము జోడేఘాట్ దగ్గర 1940లో ప్రాణాలిచ్చింది ఆ పన్నులమీదా ఆ చౌకీలమీదా చేసిన పోరులోనే. ఆ కథను మన సోదరులు చాలా బాగా రాశారు కనుక ఇక్కడ పొడిగించడం లేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. పన్ను పేరుతో మనదగ్గర తీసుకునేది నిజంగానే తగ్గింది. ఆ మాట నిజాయితీగా చెప్పాలి. కొత్తగా తీసుకున్నది నీరు.

మాచ్‌ఖండ్ నది ఒడిశా కొండల అంచున డుడుమ దగ్గర పెద్ద జలపాతమై దూకుతుంది. కిందికి వచ్చేసరికి దాని పేరు సీలేరు, ఆ తర్వాత శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. పరజ, గదబ, బొండా జనం బతికే లోయలు అవి. జలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి, 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రాన్ని మొదలుపెట్టారు. పూర్తయ్యాక దాని సామర్థ్యం 120 మెగావాట్లు. అది ఒడిశా, ఆంధ్రల ఉమ్మడి ప్రాజెక్టు. తర్వాత అదే నీటిని కిందికి కిందికి వాడుకుంటూ ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, దిగువ సీలేరులో 460 మెగావాట్లకు కేంద్రాలు కట్టారు. బొగ్గు కొనక్కర్లేని, చవకైన కరెంటు. విశాఖపట్నం పరిశ్రమలు పెరిగిన కాలంలో ఈ కరెంటు వాటికి పెద్ద ఆసరా.

ఆ తీగలు మన నెత్తిమీదుగానే వెళ్ళాయి. కింద గూడేల్లో మాత్రం ఏళ్ళ తరబడి కిరసనాయిలు బుడ్డే. మాలో ఇద్దరం ఆ బుడ్డి వెలుతురులో పదో తరగతి చదివినవాళ్ళం. రాత్రి కొండెక్కి చూస్తే దూరంగా పవర్ హౌస్ కాలనీ దీపాలు కనిపించేవి. అప్పుడు మాకు కోపం కూడా వచ్చేది కాదు, అందంగా ఉండేది అంతే.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన గూడేల్లోని ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు ఇచ్చే పథకం ఉంది. పట్నంలో అందరి కంటా పడేది ఇదే. పరిశ్రమలూ దుకాణాలూ ఎక్కువ రేటు కడుతుంటే వీళ్ళకు ఉచితమా అని. సరే, పిల్లలచేత చిన్న గుణకారం చేయించండి. ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కలిపితే 725 మెగావాట్లు. అవి పూర్తి సామర్థ్యంతో ఒక్క గంట తిరిగితే 7,25,000 యూనిట్లు. నెలకు 200 యూనిట్లూ పూర్తిగా వాడే కుటుంబాలు (మన గూడెంలో రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ అంత వాడవు) 3,625 అయితే, వాటి నెల అవసరం ఆ ఒక్క గంటలో తీరిపోతుంది. ఆ కేంద్రాలు రోజంతా పూర్తి సామర్థ్యంతో తిరగవు, నీటిని బట్టి తిరుగుతాయి. అయినా పోలిక ఎంతో తెలుస్తుంది కదా.

2008లో కేంద్రం తెచ్చిన జలవిద్యుత్ విధానంలో ఈ విషయం కొంత గుర్తించారు. కొత్త ప్రాజెక్టుల్లో 12 శాతం కరెంటు ఆ రాష్ట్రానికి ఉచితంగా, ఇంకో శాతం స్థానిక ప్రాంత అభివృద్ధికి, నిర్వాసిత కుటుంబానికి పదేళ్ళపాటు నెలకు 100 యూనిట్లు ఉచితంగా ఇవ్వాలన్నారు. అంటే నీళ్ళున్న చోటివాళ్ళకు వాటా ఉందని దేశం ఒప్పుకుంది. మాచ్‌ఖండ్, సీలేరు కట్టినప్పుడు అలాంటి విధానం లేదు. అప్పుడే ఉండి ఉంటే మన 200 యూనిట్లను ఎవరూ ఉచితం అనేవారు కాదు, రాయల్టీ అనేవారు.

ఇక మా కుర్రాడి హాస్టలు సంగతి. విశాఖ నగరానికి తాగునీరిచ్చే జలాశయాల్లో తాటిపూడి ఒకటి. అది గోస్తనీ నది మీద ఉంది. గోస్తనీ పుట్టేది అనంతగిరి కొండల్లో, బొర్రా గుహలను తొలిచింది ఆ నదే. రైవాడ జలాశయానికి నీరిచ్చే శారదా నదీ ఆ కొండలదే. కొండ మీద అడవి ఉంటేనే వేసవిలో ఆ వాగుల్లో నీరుంటుంది. ఆ అడవిని నరకవద్దని మనకు చెప్పారు, పోడు మానమన్నారు, చాలామందిమి మానేశాం కూడా. పోడు మానడంవల్ల పోయిన పంట ఖరీదు ఏ నీటి బిల్లులోనూ లేదు. భోజనాల దగ్గర నవ్విన కుర్రాడి గ్లాసులో నీళ్ళు ఏ కొండవో వాడికి తెలియకపోవడం వాడి తప్పు కాదు. ఏ పుస్తకమూ వాడికి చెప్పలేదు.

రేకపల్లి దగ్గరికి మళ్ళీ వద్దాం. 1879లో గొడ్డలి పన్ను మీద తిరగబడిన ఆ ఊరు ఇప్పుడు వరరామచంద్రపురం మండలంలో ఉంది. ఖమ్మం జిల్లానుంచి 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాల్లో అదొకటి. ఎందుకు కలిపారో అందరికీ తెలుసు, పోలవరం ముంపుకోసం. కూనవరం, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు అన్నీ అందుకే. ముంపు కుటుంబాలు అధికారిక లెక్కల్లోనే లక్ష దాటాయి. వారిలో కోయలు, కొండరెడ్లు ఎంతమందో ఆ గూడేలకు వెళ్ళినవారికి చెప్పక్కర్లేదు. ప్రాజెక్టు పూర్తయితే కాలువల కింద లక్షల ఎకరాలు తడుస్తాయి, 960 మెగావాట్ల కరెంటు వస్తుంది, విశాఖపట్నం నగరానికీ పరిశ్రమలకూ 23.44 టీఎంసీల నీరు వెళుతుంది. మునిగేవారికి ఇచ్చే పరిహారం, కాలనీ ఇల్లు మాత్రం ప్రాజెక్టు ఖర్చు పద్దులో కనిపిస్తాయి. నిర్వాసితులకు ఇన్ని వేల కోట్లా అని పత్రికల్లో చదువుతాం. పరిహారం ఇవ్వడం నిర్వాసితుడికి పెట్టే ఖర్చా, నగరం తెచ్చుకునే నీటికి ధరా? ఈ ప్రశ్న దగ్గర మాలోనే వాదన జరిగింది. "రెండూ" అని ఒకరన్నారు. మిగతావాళ్ళం ఒప్పుకోలేదు. భూమి అమ్మినవాడికి ఇచ్చిన డబ్బును ఎవరూ దానం అనరు. పైగా మనం అమ్మలేదు.

ఇంత చెప్పాక, ఇప్పుడు వచ్చే డబ్బు మాటేమిటి అని అడుగుతారు. రాజ్యాంగం 275(1) అధికరణం కింద కేంద్రం రాష్ట్రాలకు గ్రాంట్లు ఇస్తుంది. అవి గిరిజనుల సంక్షేమానికి, షెడ్యూల్డు ప్రాంతాల పాలనా స్థాయిని మిగతా రాష్ట్రంతో సమానం చేయడానికి. ఆ అధికరణంలో ఇవ్వవచ్చు అని లేదు, ఇవ్వాలి అని ఉంది. రాజ్యాంగం రాసినవాళ్ళకు పాత బాకీ గురించి తెలుసు. ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1974 తర్వాత, గిరిజన ఉపప్రణాళిక వచ్చింది, ఐటీడీఏలు వచ్చాయి. జనాభా ఎంత శాతమో బడ్జెట్టులో అంత వాటా అన్నది దాని సూత్రం. అంటే ఎక్కువ అడగలేదు, తలకు తల సమానం అడిగాం. ఆ వాటా కూడా వేరే పనులకు మళ్ళుతోందని దళిత, గిరిజన సంఘాలు ఏళ్ళపాటు పోరాడితే 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపప్రణాళిక చట్టం చేశారు. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. వాటా ఇవ్వడానికే చట్టం చేయాల్సి వచ్చిందంటే అప్పటిదాకా ఎవరి సొమ్ము ఎవరు వాడుకున్నట్టు?

అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పును మనం భూమి తీర్పుగానే చదువుతాం. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు చెల్లదన్నది అందులో ముఖ్యం. కానీ ఆ తీర్పులో లెక్కకు సంబంధించిన మాట కూడా ఉంది. గని నడిపేవారు నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల బడి, వైద్యం, రోడ్లు వంటి అవసరాలకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలంది. న్యాయమూర్తులు కొండను దానం పుచ్చుకునేవాడిగా చూడలేదు, భాగస్వామిగా చూశారు. ఉపాధ్యాయ మిత్రులు ఆ భాగాన్ని ఒకసారి చదివించాలని మా మనవి.

ఇంకొకటి. మన పేరు మీద ఖర్చైన డబ్బు ఎక్కడ దిగుతుంది? ఘాటు రోడ్డు కాంట్రాక్టరు ఊరు మైదానం. సిమెంటు, ఇనుము, డాంబరు, జేసీబీ అన్నీ అక్కడివే. ఆఫీసుల్లో, బడుల్లో జీతాలు తీసుకునేవారిలో చాలామంది శనివారం సాయంత్రం బస్సెక్కుతారు, జీతం కూడా వారితోనే దిగుతుంది. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబరు 3 కొంతవరకు ఆ జీతాన్ని కొండమీద నిలిపింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మాలో ఇద్దరం ఆ జీవోతో ఉద్యోగంలోకి వచ్చినవాళ్ళమే కనుక ఇది మా స్వార్థం అనుకున్నా మాకు అభ్యంతరం లేదు.

పోతే, మనం పన్ను కట్టం అన్న మాట. ఎస్టీలకు ఆదాయపు పన్ను లేదని పట్నంలో చాలామంది నమ్ముతారు, మనలో కూడా కొందరు నమ్ముతారు. అది తప్పు. ఆదాయపు పన్ను చట్టంలోని మినహాయింపు నాగాలాండ్, మిజోరం వంటి ఈశాన్య ప్రాంతాల్లో, లద్దాఖ్‌లో నివసించే గిరిజనులకే. పాడేరు టీచరుకు, ఉట్నూరు నర్సుకు, భద్రాచలం బ్యాంకు గుమాస్తాకు లేదు. జీతం పరిమితి దాటితే మాకూ ప్రతి ఫిబ్రవరిలో కోత పడుతుంది. ఇక జీతం లేనివాళ్ళ సంగతి. సంతలో కొన్న సబ్బు, నూనె, చెప్పులు, ఆటో పెట్రోలు, అన్నిటిలో పన్ను ఉంది. 299 రూపాయల సెల్ రీచార్జిలో దాదాపు 45 రూపాయలు జీఎస్టీ. సిగ్నల్ కోసం చెట్టెక్కేవాడూ, పట్నంలో పదో అంతస్తులో ఉన్నవాడూ ఆ 45 రూపాయలు ఒక్కలాగే కడతారు. సంపాదనలో భాగంగా చూస్తే చెట్టెక్కినవాడిదే పెద్ద పన్ను.

ఇవన్నీ రాసుకున్నాక మా కుర్రాడిని మళ్ళీ పిలిచి చదివి వినిపించాం. వాడు విని ఒక మాటన్నాడు. "సార్, ఆ అన్నవాడి నాన్న ఆటో తోలతాడు. వాడేం డబ్బున్నోడు కాదు." మాకు కొంచెం సిగ్గేసింది. ఆటో నడిపే ఆ మనిషి కూడా పెట్రోలు మీద పన్ను కడుతూ, అద్దె ఇంట్లో ఉంటూ కొడుకును చదివిస్తున్నాడు. పట్నం అనే మాటలో ఆయనా ఉన్నాడు, పవర్ హౌస్ కరెంటుతో పెరిగిన ఫ్యాక్టరీ యజమానీ ఉన్నాడు. ఈ ఇద్దరినీ ఒకే పద్దులో వేసి మేం కూడా వాళ్ళు చేసిన తప్పే చేయబోయాం. కొండ అనే మాటలోనూ అంతే. పట్నంలో ఇల్లు కట్టుకుని, పిల్లలను కాన్వెంటులో వేసిన మాలాంటి ఉద్యోగులూ ఉన్నారు, ఇప్పటికీ రేషను బియ్యం కోసం నాలుగు మైళ్ళు నడిచే అవ్వలూ ఉన్నారు. ఈ లెక్కను ఇంకా విడదీసి వేయాలి. మాకు చేతనైనంతే వేశాం.

దీనికి కావలసిన కాగితాలు ఆఫీసుల్లో కొన్ని ఉన్నాయి, మన ఇళ్ళలో ఇంకా ఎక్కువ ఉన్నాయి. పాత శిస్తు రశీదులు, ముఠాదారు ఇచ్చిన చీటీలు, పోడు జరిమానా కాగితాలు, షావుకారు అప్పు పత్రాలు, డ్యాము కింద పోయిన ఊళ్ళ పేర్లు, రోడ్డు పనికి వెళ్ళిన తాతలు చెప్పే కూలి రేట్లు. వేసవి సెలవుల్లో తొమ్మిదో తరగతి పిల్లలచేత ఒక్కొక్క గూడెంలో ఇవి అడిగించి రాయించండి. ఎవరు చెప్పారో, ఏ ఊరో, ఏ ఏడాదో తప్పకుండా రాయాలి. కాగితం దొరికితే ఫొటో తీసి, కాగితాన్ని ఎవరి ఇంటి పెట్టెలోది ఆ పెట్టెలోనే పెట్టించండి. మా గూడెంలో ఈ పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టాం. ఇప్పటికి పదకొండు రశీదులు దొరికాయి, రెండు చెదలు తిన్నవి.